వెనక్కి తిప్పిన బూట్లు

మేజర్ గారు నన్ను "మిసెస్ బుల్" అని పిలిచేవారు. నా పేరు బుల్లెమ్మ. ఆయన నాలుక అంతకు మించి తిరిగేది కాదు. ఆ ఇంగ్లీషు మాటకి ఆంబోతని అర్థం ఉందని కొన్నాళ్ళ తర్వాత గుర్రం పని చూసే పరశురాం చెప్పి పడీ పడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నా కోపం ఎరిగినవాళ్ళెవరైనా ఆ పేరు అతికినట్టు సరిపోయిందనే అంటారు.

ఆయన పేరు మాత్రం తక్కువదా? హ్యూ చార్ల్స్ అల్ఫ్రెడ్ లాంగ్‌మియర్. పిలవడం మొదలుపెడితే ముగిసేసరికి పాలు పొంగిపోతాయి. ఇంగ్లాండులో ఒక పెద్ద జమీందారు గారి రెండో కొడుకు. వాళ్ళ పద్ధతిలో బిరుదూ, కోట లాంటి ఇల్లూ, భూములూ అన్నీ పెద్దవాడికే. రెండోవాణ్ణి సైన్యంలోకి తోలేస్తారు. ఈయన్ని గుర్రపు దళంలోకి పంపించారు.

"అయితే గుర్రమెక్కి కత్తి తిప్పారా యుద్ధంలో?" అని అడిగాను ఒకసారి.

"నేను చేరేసరికి గుర్రాలు లేవు మిసెస్ బుల్. తుపాకులు బిగించిన ఇనప బండ్లు ఉండేవి. దళం పేరూ, బూట్లూ, మీసాలూ మాత్రం పాతవే మిగిలాయి" అన్నారు, తన తెల్ల మీసం దువ్వుకుంటూ.

ఆయన ఇంగ్లీషు, నా హిందీ, ఇద్దరికీ వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలు కలిపితే మా ఇంటి భాష. కోపమొస్తే మాత్రం నేను తెలుగులోనే తిట్టేదాన్ని. అది ఆయనకి అన్నిటికన్నా బాగా అర్థమయ్యేది.

సైన్యం వదిలాక ఆయన బహ్రెయిన్ వచ్చి, బుదైయాలో ఒక అరబ్బు కామందు దగ్గర గుర్రాలశాల పెత్తనం చేశారు. కామందు పోయాడు. గుర్రాలు అమ్ముడైపోయాయి. చుట్టూ ఉన్న ఖర్జూరపు తోటలు కొట్టేసి విల్లాలు కట్టేశారు. కామందు కొడుకులు మంచివాళ్ళు, తండ్రి మాట మీద నిలబడి, తోట చివరున్న పాత ఇల్లూ, గుర్రాలశాలలో ఒక మూలా, నజ్మా అనే ముసలి ఆడగుర్రాన్నీ ఆయనకి వదిలేశారు. పరశురాంకీ నాకూ వీసా ఇచ్చిన కఫీల్ వాళ్ళలో పెద్దవాడే.

ఈ ఇంట్లో వంటకి చేరకముందు నేను అక్కడే గలాలీలో ఒక ఇంట్లో చేశాను. అక్కడ ఇంటి నిండా జనం. పొద్దున లేచింది మొదలు పిల్లల ఏడుపులు, మేడమ్ కేకలు. ఎప్పుడు పని ఖలాస్ అంటారా అని ఎదురుచూసి బయటపడ్డాను. తీరా ఇక్కడికొస్తే గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మొదటి నెలంతా నాలో నేనే మాట్లాడుకున్నాను, గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి.

ఆయన మాత్రం ఆ ఇంట్లో ఒక్కడూ ఉన్నట్టు ఉండేవారు కాదు. సాయంత్రం స్నానం చేసి, కోటూ టై వేసుకుని, ఎనిమిది కుర్చీల బల్ల ముందు ఒక కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. నేను ఎడమ పక్కనుంచే వడ్డించాలి, కుడి పక్కనుంచే గిన్నె తియ్యాలి. పెట్టేది కోడి సూపూ, ఉడకబెట్టిన బంగాళాదుంపలూ. ఆ చప్పిడి తిండికి అంత మర్యాదేంటా అని నాకు ఒళ్ళు మండేది. మిగిలిన ఏడు కుర్చీలూ రోజూ తుడవాలి. ఎవరూ కూర్చోని కుర్చీకి దుమ్మెలా పడుతుందో నాకు ఇప్పటికీ తెలీదు.

అన్నింటికీ నన్ను పిలిచేవారు గానీ బూట్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. మోకాళ్ళ దాకా వచ్చే నల్లటి సవారీ బూట్లు. వంగిపోకుండా లోపల కర్ర అచ్చులు. ఆయన ఇరవయ్యో ఏట కుట్టించుకున్నవట. పొద్దున్నే వరండాలో స్టూలేసుకుని, చిన్న గుడ్డ వేలికి చుట్టి, మొహం కనబడేదాకా రుద్దేవారు. ఆ తర్వాత అవి తొడుక్కుని శాలకి వెళ్ళి నజ్మాతో కబుర్లు చెప్పేవారు. సవారీ ఎప్పుడో మానేశారు. ఆయనకి నడుము లేదు, దానికి మోకాళ్ళు లేవు.

నేను చేరిన ఏడాది నవంబరులో మా ఇద్దరికీ పెద్ద గొడవైంది.

యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకోవడానికి వాళ్ళ దేశంలో నవంబరులో ఒక ఆదివారం ఉందట. నాకెవరు చెప్పారు? నేను మామూలుగా నజ్మాకి క్యారెట్లు పట్టుకుని శాలకి వెళ్ళాను. చూస్తే దానికి జీను కట్టి, కళ్ళెం వేసి, తళతళలాడేలా మాలిష్ చేసి నిలబెట్టారు. మనిషి లేడు. కాళ్ళు పెట్టుకునే రికాబుల్లో మేజర్ గారి బూట్లు దూర్చి ఉన్నాయి. అదీ తిరగేసి. బూటు ముక్కు గుర్రం తోక వైపు, మడమ గుర్రం తల వైపు.

పరశురాం నీళ్ళకి వెళ్ళినట్టున్నాడు. ఈ ముసలాయనకి చూపు పూర్తిగా పోయిందిరా భగవంతుడా అనుకున్నాను. మా అత్తగారింట్లో గుమ్మం దగ్గర చెప్పు బోర్లా పడి ఉంటేనే ఇంట్లో తగువులొస్తాయని పరిగెత్తుకెళ్ళి సరిచేసేవాళ్ళు. అలాంటిది ఆయన ప్రాణంలా చూసుకునే బూట్లు తిరగబడి ఉంటే ఊరుకుంటానా? రెండూ తీసి, చున్నీతో తుడిచి, ముక్కులు ముందుకి పెట్టి, ఎంత బాగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

కాసేపటికి మేజర్ గారు నల్లసూటు మీద పతకాలన్నీ పెట్టుకుని వచ్చారు. ఎవరి మొహమూ చూడలేదు. కళ్ళెం పట్టుకుని, మిగిలిన ఖర్జూరపు చెట్ల వరస పక్కగా నజ్మాని నడిపించారు. ఒక్కో అడుగూ లెక్కపెట్టి వేసినట్టు నిదానంగా నడిచారు. వరస చివర గుర్రాన్ని తిప్పుతూ బూట్లు చూశారు. అక్కడే ఆగిపోయారు.

"ఎవరు చేశారిది?"

ఆ గొంతులో అంత కేక ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. నజ్మా చెవులు వెనక్కి పెట్టింది.

"నేనే. ఏం? ఎవరో తిరగేసి పెడితే సరిచేశాను" అన్నాను.

"వెళ్ళిపోండి ఇక్కణ్ణుంచి!"

"ఎల్తానండీ! నాకేం పనిలేక నించున్నానా? ఎండలో ముసిల్దాన్ని ఊరేగిత్తూ పైగా నామీద అరుపులా? మంచి చేసినా తప్పేనా ఈ ఇంట్లో?" అని తెలుగులో దులిపేసి, క్యారెట్ల గిన్నె అక్కడే పడేసి వచ్చేశాను.

పరశురాం వెనకాలే వచ్చాడు. జగిత్యాల పక్క పల్లె వాడిది. నాకంటే చాలా ముందు నుంచే అక్కడ ఉన్నాడు.

"అక్కా, నువ్వు గా బూట్లు ముట్టుడే తప్పయింది. ఏడాదికొక్కసారి గట్లనే ఉల్టా వెడ్తడు. ఎందుకని నేనెన్నడు అడగలే" అన్నాడు.

"అడగవేం మరి? నోరు లేదేంట్రా నీకు?"

"పెద్దమనిషి బాధల ఉన్నడని మొకం జూస్తేనే ఎరుకైతది గదనే" అన్నాడు.

అయినా నా కోపం పోలేదు. రెండు రోజులు సూపు గిన్నె బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టాను. కుడి పక్కనుంచి వడ్డించాను. ఆయన కిక్కురుమనకుండా తిన్నారు.

మూడో రోజు వంటింట్లోకి వచ్చారు. ఆయన ఆ గుమ్మం దాటి లోపలికి రావడం అదే మొదటిసారి. టోపీ చేతిలో పట్టుకుని, నేను ఉల్లిపాయలు తరిగే పీట మీద కూర్చున్నారు. అంత పొడుగు మనిషి అంత చిన్న పీట మీద మడిచి పెట్టిన గొడుగులా ఉన్నారు.

"మీకు తెలియదు. నేను అరవకుండా ఉండాల్సింది" అన్నారు. తర్వాత చెప్పారు.

వాళ్ళ దళంలో అధికారి పోతే, అతని గుర్రం శవపేటిక వెనక నడుస్తుందట. జీను ఖాళీగా ఉంటుంది. రికాబుల్లో అతని బూట్లు వెనక్కి తిప్పి పెడతారు. అంటే అతను ఇక గుర్రం ఎక్కడు. ఎక్కకపోయినా, పోయే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి తన మనుషుల్ని చూసుకుంటున్నాడన్నమాట. కుర్రతనంలో ఆయన ఏడెన్‌లో పనిచేస్తున్నప్పుడు బండి కింద బాంబు పేలి ఆయన చేతి కింద ముగ్గురు కుర్రాళ్ళు పోయారు. వాళ్ళు అధికారులు కారు. అక్కడ గుర్రమూ లేదు. ఏ మర్యాదా లేకుండా ఇసకలో పెట్టేసి వచ్చారు. అందుకని ఏడాదికోసారి తన బూట్లే వాళ్ళ పేరు మీద నడిపిస్తారు.

"నేను పోయినప్పుడు నజ్మా నా వెనక నడుస్తుంది. ఫాదరీతో మాట్లాడాను, శ్మశానం గేటు లోపలికి గుర్రాన్ని రానిస్తానన్నాడు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, మిసెస్ బుల్. నాతోపాటు సైన్యంలో చేరినవాళ్ళందరూ పోయారు. వెనక్కి తిరిగితే ఒక్క ప్రాణమైనా కనబడాలి కదా. నాకు ఉన్నదల్లా ఆ ఒక్క కోరిక."

ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి నా కళ్ళ సంగతి ఆయనకి తెలియలేదు.

"మా వాళ్ళలో ఆడోళ్ళు శ్మశానానికి వెళ్ళరు. వెళ్ళిన మగోళ్ళు కూడా తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు" అన్నాను.

"ఎందుకు?"

"చూస్తే పోయినోళ్ళు పోలేరంట. మన చుట్టూనే తిరుగుతారంట."

"మాలో పోయేవాడే చూసుకుంటాడు. ఒక్కసారే. ఆ తర్వాత ఎవరినీ ఇబ్బంది పెట్టడు" అన్నారు.

అప్పుడు నేనూ మా ఆయన సంగతి చెప్పాను. గణపతి పోయినప్పుడు నేను గలాలీలో ఉన్నాను. ఊరెళ్ళడానికి కాగితాలు చేతికొచ్చేసరికి అక్కడ అంతా అయిపోయింది. మా మరిది ఫోన్లో చూపించాడు. వాడూ నడుస్తున్నాడేమో, బొమ్మ ఊగిపోయింది. పాడె కనబడలేదు, దాని వెనక నడుస్తున్న కాళ్ళే కనబడ్డాయి. చూస్తుండగానే సిగ్నల్ పోయింది. ఇదంతా మా ఊరు రాజోలులో మా సొంతవాళ్ళకి కూడా ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన లేచి, టోపీ పెట్టుకుని, నాకు సెల్యూట్ చేశారు. ఎందుకు చేశారో అడగలేదు. ఆ రోజు నుంచి మళ్ళీ ఎడమ పక్కనుంచే వడ్డించాను.

కిందటేడు ఎండాకాలం మొదట్లో ఆయన అన్న కొడుకు ఎడ్మండ్ ఇంగ్లాండు నుంచి వచ్చాడు. అన్నగారు పోయాక బిరుదూ ఇల్లూ ఈ ఎడ్మండ్‌కే వచ్చాయట. ఎంత బిరుదున్నా నెత్తిన జుట్టు లేదు, చొక్కా మోచేతి దగ్గర చిరుగుంది. ఆ కోటలో ఇప్పుడు టిక్కెట్లు పెట్టి జనానికి చూపిస్తున్నారట, లేకపోతే పైకప్పు బాగు చేయించడానికి డబ్బు చాలదట. మనిషి మాత్రం నెమ్మదస్తుడు. నన్ను వంటింట్లో పలకరించి, ఫోన్లో ఒక గది చూపించాడు. మంచం, కిటికీ, కిటికీ బయట పచ్చగడ్డి.

"బాబాయి ఇక్కడ ఒంటరిగా పడిపోతే ఎవరు చూస్తారు? మీరు చెబితే వింటారేమో" అన్నాడు.

చెప్పాలంటే నాకు ఇష్టం లేదు. ఆయన వెళ్ళిపోతే మళ్ళీ ఏ గలాలీలోనో కేకల మధ్య పడాలి. అయినా మంచి కిటికీ చూశాక చెప్పకుండా ఉండలేకపోయాను. రాత్రి భోజనం దగ్గర నా హిందీలో నచ్చజెప్పాను.

"మీ వాళ్ళ మధ్య ఉండండి మేజర్ గారూ. పచ్చగడ్డి ఉంది. వేడి లేదు."

"ఆ గది ఒకప్పుడు మా గుర్రాలశాల, మిసెస్ బుల్" అని నవ్వారు. "నన్ను తీసుకెళ్ళి శాలలో కడతారట. గుర్రాన్ని మాత్రం ఇక్కడే వదిలేయాలట. అంత వయసులో అది విమానం ఎక్కదు. అక్కడ నేను పోతే నల్లకారు వస్తుంది, కూలికి నలుగురు వస్తారు. ఇక్కడ నాకు నజ్మా ఉంది."

"నజ్మా మీకంటే ముందు పోతే?" అనేశాను. నోరు జారింది. ఆయన చెంచా కింద పెట్టారు.

"అలా జరగదు" అన్నారు, సైనికులకి ఆజ్ఞ ఇచ్చినట్టు.

ఎడ్మండ్ ఒక్కడే తిరిగి వెళ్ళిపోయాడు. ముసలాయనకి ముసలిగుర్రం కంటే ముందు చావాలన్న పంతం పట్టింది. వినడానికే అన్యాయంగా ఉంది, కానీ ఆయన దాన్ని రోజూ సాకినది అందుకే. ఎండ ముదరక ముందే శాలలో నీళ్ళు చల్లించేవారు. రెండు ఫ్యాన్లు పెట్టించారు. దాని దాణా తడిపి మెత్తగా పెట్టమని పరశురాం ప్రాణం తీసేవారు.

ఆగస్టులో ఒక ఉదయం నజ్మా పడుకున్న చోటు నుంచి లేవలేకపోయింది. పరశురాం పరుగెత్తుకొచ్చి చెప్పాడు. డాక్టరు వచ్చి కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, పేగు మెలిపడిందనీ, ఈ వయసులో కోత తట్టుకోదనీ, నొప్పి లేకుండా సూది వేసి పంపించెయ్యడమే మంచిదనీ అన్నాడు. మేజర్ గారు తలూపి ఇంట్లోకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి నల్లసూటు వేసుకున్నారు, బూట్లు తొడుక్కున్నారు. వంగలేని మనిషి గోడ పట్టుకుని జారి నేల మీద కూర్చుని, దాని తల ఒళ్ళో పెట్టుకున్నారు. చెవిలో ఏదో చెబుతూనే ఉన్నారు. డాక్టరు పని అయిపోయిందని చెప్పాక కూడా చెబుతూనే ఉన్నారు.

పరశురాం చెంబు కింద పడేసి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆయన ఏడవలేదు. మేమిద్దరం చెయ్యందించి లేపితే లేచి, అక్కడే స్టూలు మీద కూర్చుని బూట్లు విప్పేశారు. వాటిని జీను పక్కన పెట్టి, వట్టి సాక్సులతో ఇంటి వైపు నడిచారు. ఆగస్టు ఎండకి నేల పెనంలా కాలుతోంది. నా చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

"ఏవండీ! కాళ్ళు బొబ్బలెక్కిపోతాయి! ఇవి ఏసుకోండి! ఏవండీ, మీకే సెప్తున్నా!"

ఆయన వెనక్కి తిరగలేదు. అరికాళ్ళకి నెయ్యి రాస్తుంటే మాత్రం నన్ను వారించలేదు.

శాల మూతపడింది. పరశురాం సెలవడగడానికి వచ్చి వరండాలో నించున్నాడు.

"గుర్రం లేకపాయె, ఇగ నాకేం పనున్నదక్కా. గల్ఫ్‌కొచ్చి శాన ఏండ్లాయె. ఇంటికి వోతా. ముసలాయన్ని జెర మంచిగ జూస్కో" అన్నాడు. మేజర్ గారు వాడికి కళ్ళెం ఇచ్చారు. వెండి పూత పూసిన మంచి కళ్ళెం. వాళ్ళ ఊళ్ళో దాన్ని ఏం చేసుకుంటాడో ఏమో గానీ, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మేమిద్దరమే. బూట్లు నేను తెచ్చి వరండాలో పెట్టాను. ఆయన వాటి వంక చూడలేదు. పొద్దున్నే మామూలు చెప్పులతో శాల దాకా వెళ్ళి, సగం తలుపు మీద చేతులు ఆనించి నించుని వచ్చేసేవారు. అలవాటు కొద్దీ నేను ఆ వారమూ క్యారెట్లు కొన్నాను. సంచిలోంచి తీశాక గానీ గుర్తు రాలేదు. వాటిని తరిగి సూపులో వేశాను. ఆయన గిన్నెలోకి చూసి, ఒక్క ముక్క కూడా వదలకుండా తిన్నారు. నాకు వంటింట్లోకొచ్చి ఏడవడమే మిగిలింది.

కొన్నాళ్ళకి కోటూ టై మానేశారు. ఒక సాయంత్రం పక్క కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"నేను వంటమనిషినండీ" అన్నాను.

"నేను గుర్రం లేని గుర్రపు దళం మనిషిని. కూర్చోండి."

కూర్చున్నాను. రోజూ తుడిచే కుర్చీ అంత మెత్తగా ఉంటుందని నాకు తెలీదు. ఇద్దరం సూపు తాగడం మొదలుపెట్టాం. చెంచా గిన్నెలో తిప్పుతూ ఆయన అన్నారు, "ఇక నా వెనక ఎవరూ లేరు, మిసెస్ బుల్."

నేనున్నానుగా అనాలని ఉంది. నోటి దాకా వచ్చింది. ఎలా అంటాను? నేనెవరు ఆయనకి? నజ్మా అయితే ఇన్నేళ్ళు ఆయన్ని మోసింది. నేను చప్పిడి సూపు కాచిన మనిషిని.

"సల్లారిపోతంది, తాగండి" అన్నాను.

అక్టోబరులో ఒక ఉదయం టీ పట్టుకెళ్తే వరండా కుర్చీలో కూర్చునే ఉన్నారు. శాల వైపు తిరిగి ఉన్నారు. చెయ్యి ముట్టుకుంటే తెలిసింది. పాతికమందికి వినబడేలా ఏడ్చాను, వినడానికి ఎవరూ లేరు.

ఎడ్మండ్ వచ్చాడు. మేజర్ గారు రాసి పెట్టుకున్నట్టే మనామాలోని పాత క్రైస్తవుల శ్మశానంలో పెట్టడానికి ఏర్పాటు చేశాడు. ఇల్లు ఖాళీ చేస్తూ పతకాలూ, కత్తీ, ఫొటోలూ పెట్టెలో సర్దాడు. కోటలో టిక్కెట్టు కొని వచ్చేవాళ్ళు చూడటానికి అద్దాల బీరువాలో పెడతాడట. బూట్లు కూడా తీశాడు.

"బాబుగారూ, అవి ఒక్క రోజు నాకు ఇవ్వండి. దుమ్ము పట్టాయి. పాలిష్ చేసి ఇస్తాను" అన్నాను. సరేనన్నాడు.

మేజర్ గారి స్టూలు మీద కూర్చుని, ఆయన గుడ్డ వేలికి చుట్టుకుని రుద్దాను. ఆయన చేసినట్టు రాలేదు. మళ్ళీ రుద్దాను. సాయంత్రమయ్యేసరికి నా మొహం మసగ్గా కనబడింది.

మర్నాడు శ్మశానం దగ్గర చాలా కొద్దిమంది ఉన్నారు. ఫాదరీ, ఎంబసీ నుంచి ఒక ఆఫీసరు, సవారీ క్లబ్బు నుంచి ఇద్దరు ముసలి దొరలు, మా కఫీల్, ఎడ్మండ్. పేటిక చక్రాల బండి మీద ఉంది. మీద జెండా కప్పి, టోపీ పెట్టారు. ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే. శ్మశానంలో అడుగుపెట్టడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గేటు దగ్గర అలవాటుగా చెప్పులు విడిచేశాను.

బండి కదిలింది. అందరూ దాని వెనక వరసలో నిలబడబోతున్నారు. నేను బజారు సంచిలోంచి బూట్లు తీసి, ఎడ్మండ్‌ని దాటుకుని వెళ్ళి, పేటికకి సరిగ్గా వెనక నించున్నాను. గుర్రం నడవాల్సిన చోటు అది.

"మిసెస్ బుల్?" అన్నాడు ఎడ్మండ్, చెయ్యి ముందుకి చాపి. పనిమనిషికి మతి చలించిందనుకున్నాడేమో. పాపం, ఆయన సైన్యంలో చెయ్యలేదు.

రెండు బూట్లూ చెరో చేత్తో ఎత్తి పట్టుకున్నాను. మడమలు ముందుకి, ముక్కులు వెనక్కి. క్లబ్బు ముసలి దొరల్లో ఒకాయన అది చూశాడు. ఎడ్మండ్ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా పక్కకి తప్పించి, తల మీది టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. రెండో ఆయనా తీశాడు.

నడిచాను. నజ్మాని ఆయన నడిపించినంత నిదానంగా నడిచాను. లోపల కర్ర అచ్చులున్నాయి కదా, బూట్లు బరువుగా ఉన్నాయి. సగం దూరం వెళ్ళేసరికి చేతులు లాగేశాయి. కిందికి దించుకుందామని చూస్తే అప్పుడు తట్టింది నాకు. బూట్ల ముక్కులు నా వైపే తిరిగి ఉన్నాయి. ఆయన వెనక్కి తిరిగి చూసుకుంటున్నది నన్నే.

"నేనున్నానండీ మేజర్ గారూ" అన్నాను, తెలుగులోనే. ఆయనకి అర్థమయ్యే భాష అదేగా.

చేతులు దించలేదు. గొయ్యి దాకా అలాగే పట్టుకున్నాను. మా ఆయన వెనక నడవలేకపోయిన నడక కూడా ఆ రోజే నడిచినట్టయింది నాకు.

అంతా అయ్యాక బూట్లు ఎడ్మండ్ చేతికిచ్చాను. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వీటిని బీరువాలో ఎలా పెట్టాలి? వెనక్కి తిప్పా?" అని అడిగాడు.

"మీ ఇష్టమండీ. చూసుకోవాల్సింది చూసేసుకున్నారు" అన్నాను.

ఆ మరుసటి వారం నుంచి నాకు ఈసా టౌన్‌లో కొత్త ఇంట్లో పని. ఇద్దరు బడిపిల్లలు ఉన్నారట, అల్లరి పిల్లలట. కఫీల్ గేటు బయట కారు దగ్గర నించుని "యల్లా" అని తొందరపెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాను. మా వాళ్ళ మాట గుర్తుంది. శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే పోయినవాళ్ళు మన చుట్టూనే తిరుగుతారు.

తిరిగి చూశాను. బాగా చూశాను.